పెదవి ఎత్తి చూడండి

"మంచిగనే తింటున్నది కదా సార్, ఇంక రోగమేముంటది?"

చిన్న కుక్కను పెంచుకునే ఇంట్లో పంటి జబ్బు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండడానికి ఈ ఒక్క మాట చాలు. కుక్క తింటుంది. పన్ను కదులుతున్నా తింటుంది, చిగురు చీము పట్టినా తింటుంది. ఒక పక్క నమల్లేకపోతే రెండో పక్కకు తిప్పుకుంటుంది, రెండు పక్కలా కాకపోతే నమలకుండానే మింగేస్తుంది. నొప్పి, ఆకలి రెండూ ఉన్నప్పుడు కుక్క ఆకలి మాటే వింటుంది. అది గిన్నె ముందు నుంచి లేచిపోయిన రోజున మీరు దవాఖానకు బయలుదేరితే, జబ్బు మొదలై అప్పటికే చాలా కాలమై ఉంటుంది. కాబట్టి తిండిని ఆరోగ్యానికి సాక్ష్యంగా తీసుకోవడం ఇవాళ్టితో మానేయండి. ఈ అధ్యాయంలో నేను మిమ్మల్ని అడిగేది రోజుకు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఏం చూడాలో, ఏం చేయాలో, ఏం చేయకూడదో చెబుతాను.

మన ఊళ్లలోకి చిన్న కుక్కలు వచ్చి ఎంతో కాలం కాలేదు. పొలం కాడ, దొడ్డి కాడ కావలి ఉండే ఊరకుక్క వేరు, సోఫా మీద పడుకునే కుక్క వేరు. 1994 నాటి ‘హమ్ ఆప్కే హై కౌన్’ సినిమా తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చినప్పుడు అందులోని తెల్లకుక్క టఫీని చూసి ముచ్చటపడని ఇల్లు లేదు. మనం పామేరియన్ అని పిలుచుకునే ఆ తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివే. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్ రెండో మోజు తెచ్చింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైంది, కాలనీలు పెరిగాయి, వాటితోపాటు షిట్జూలు, డాక్స్‌హండ్‌లు కూడా వచ్చాయి. ఎల్లారెడ్డి లాంటి చిన్న పట్టణంలోనూ గేటు లోపల నుంచి సన్నగా మొరిగే గొంతు వినిపిస్తుంది. కుక్కలైతే వచ్చాయి గాని, వాటి నోటిని ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లు వాటితో రాలేదు.

చిన్న కుక్కకే పంటి జబ్బు ఎందుకు ఎక్కువ? కుక్కకు శాశ్వత దంతాలు 42. పై దవడలో 20, కింది దవడలో 22. ముప్పై కిలోల జర్మన్ షెపర్డ్‌కూ అన్నే, మూడు కిలోల పామేరియన్‌కూ అన్నే. మనిషి తన ముచ్చట కోసం తరతరాలుగా కుక్క ఒంటిని కుదించుకుంటూ వచ్చాడు, పళ్లు మాత్రం అదే లెక్కన కుదించుకుపోలేదు. సంత రోజు ఎల్లారెడ్డి నుంచి లింగంపేటకు వెళ్లే షేర్ ఆటోలో మనుషులు కూర్చున్నట్టు, ఆ చిట్టి దవడలో పళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకొని, పక్కకు తిరిగి, ఒకదాని మీదికి ఒకటి వాలి ఉంటాయి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి మూతి కుక్కల్లో కొన్ని పళ్లు ఏకంగా అడ్డం తిరిగి మొలుస్తాయి. ఆ సందుల్లో తిండి, పాచి ఇరుక్కుంటే నాలుక కూడా అక్కడికి చేరలేదు. అమెరికాలో 60 జాతులకు చెందిన 30 లక్షల కుక్కల వైద్య రికార్డులను పరిశీలించి 2021లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఆరున్నర కిలోల లోపు కుక్కలకు చిగుళ్ల జబ్బు వచ్చే అవకాశం భారీ జాతులతో పోలిస్తే అయిదు రెట్ల దాకా ఎక్కువని తేలింది.

జబ్బు నడిచే దారి ఇది. తోమిన పంటి మీద కూడా ఒక్క రోజు తిరిగేసరికి సూక్ష్మజీవులతో నిండిన పలచని జిగురు పొర ఏర్పడుతుంది. అదే పాచి. వేలికి గుడ్డ చుట్టి తుడిచినా పోతుంది. దాన్ని అలాగే వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు పట్టి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది. అది గార. కుక్క లాలాజలానికి మన లాలాజలం కంటే క్షారగుణం ఎక్కువ. అందుకే కుక్క పళ్లు మనలా పుచ్చిపోవడం అరుదు, గార పట్టడం మాత్రం మరీ తొందర. గార గరుకు మీద కొత్త పాచి సులువుగా అతుక్కొని చిగురు కిందికి దిగుతుంది. మొదట చిగురు అంచు ఎర్రబడుతుంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు మళ్లీ మామూలవుతుంది. దాటితే పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

ఈ ఎముక మాట దగ్గరే చిన్న కుక్క సంగతి వేరవుతుంది. దాని కింది దవడలో వెనక వైపు ఉండే పెద్ద పన్ను వేళ్లు దవడ ఎముక మందంలో చాలా భాగాన్ని ఆక్రమించి ఉంటాయి. వేరు చుట్టూ ఎముక కరిగితే మిగిలేది సన్నని అంచు. అలాంటి కుక్క మంచం మీది నుంచి దూకినా దవడ విరగొచ్చు. పై కోరపంటి వేరుకూ ముక్కుకూ మధ్య ఉన్న పలచని ఎముక కరిగితే నోటి నుంచి ముక్కులోకి రంధ్రం పడుతుంది. నీళ్లు తాగగానే తుమ్మడం, ఒక ముక్కు నుంచే చీమిడి కారడం దాని గుర్తులు. ముఖ్యంగా డాక్స్‌హండ్ పెంచేవాళ్లు ఈ తుమ్ముల్ని జలుబు కింద కొట్టిపారేయకండి. కంటి కింద ఉన్నట్టుండి వాపు వస్తే చాలామంది ఏదో కుట్టిందనుకుంటారు. అది పై దవడ పంటి వేరు దగ్గర చేరిన చీము కావచ్చు.

ఇక చూడడం ఎలాగో చెబుతాను. రాత్రి మీ పనులన్నీ అయ్యాక, కుక్క మీ పక్కన చేరే వేళ ఎంచుకోండి. ఎదురుగా నిలబడి మూతి పట్టుకుంటే భయపడుతుంది, పక్కన కూర్చోండి. ఎడమ చెయ్యి గడ్డం కింద ఆసరాగా పెట్టి, కుడిచేతి బొటనవేలితో పై పెదవిని మెల్లగా ఎత్తండి. నోరు తెరిపించాల్సిన పని లేదు. ముందు పళ్లు తెల్లగా కనిపించి మోసం చేస్తాయి. పెదవి మూలను కంటి వైపు లాగితే వెనక ఒక పెద్ద, మొన తేలిన పన్ను కనిపిస్తుంది. లాలాజలం నోట్లోకి వచ్చే నాళం తెరుచుకునేది దాని ఎదుటే, అందుకే గార మొదట అక్కడే పేరుకుంటుంది. దాని మీద పసుపు, గోధుమ రంగు పెచ్చు ఉందా? పన్నూ చిగురూ కలిసేచోట సన్నని ఎర్రగీత ఉందా? వేలు తగిలితే రక్తం వస్తోందా? రెండో పక్క కూడా చూడండి. రెండు పక్కలకూ తేడా ఉంటే, గార ఎక్కువ ఉన్న వైపు అది నమలడం మానేసిందేమో గమనించండి. చివరగా వాసన. కుక్క నోరు కదా, ఆ మాత్రం కంపు సహజమే అనుకుంటారు. సహజం కాదు, చిగురు కింద జరుగుతున్న దాని వాసన అది. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తూ, కుక్క నీళ్లు విపరీతంగా తాగుతుంటే కిడ్నీల పరీక్ష కూడా చేయించాలి.

ఇలా పెదవి ఎత్తినందుకు పళ్లొక్కటే కాదు, ఒంటి సంగతి కూడా కొంత తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురు లేత గులాబీ రంగులో ఉంటుంది. కొన్ని కుక్కలకు పుట్టుకతోనే నల్ల మచ్చలుంటాయి, వాటికి భయపడక్కర్లేదు. చిగురును వేలితో ఒత్తి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. పాలిపోయి ఉంటే రక్తం తగ్గిందని అర్థం. గోమార్లు పట్టే మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది గోమారి కాటుతో వచ్చే జ్వరాన్ని. చిగురు మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు కనిపిస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. పచ్చగా ఉంటే కామెర్లు. నీలంగా మారితే మర్నాటి దాకా ఆగొద్దు, అప్పుడే బయలుదేరండి.

ఒక హెచ్చరిక, దీన్ని దాటి ముందుకు పోకండి. టీకా వేయించని కుక్కకు ఉన్నట్టుండి కింది దవడ వేలాడిపోయి, సొంగ కారుతూ, నీళ్లు మింగలేకపోతుంటే, బొక్క ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఆ సొంగ మీ చేతి గాయానికి తగిలినా ప్రమాదమే. పొరపాటున తగిలితే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే మనుషుల దవాఖానకు వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించిన కుక్క నోరే నిశ్చింతగా చూడగలిగిన నోరు. ప్రతి జూలై 6న, జూనోసిస్ దినం నాడు, సర్కారు పశువుల దవాఖానల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసుకోండి.

చిగుళ్లు ఇప్పటికే వాచి, రక్తం కారుతుంటే బ్రష్షు ముట్టుకోకండి, ముందు వైద్యం చేయించండి. నొప్పి ఉన్నచోట రుద్దితే జీవితాంతం బ్రష్షును చూసి పారిపోతుంది. నోరు బాగున్న కుక్కకైతే మొదటి వారం బ్రష్షు మాటే ఎత్తొద్దు. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం వేయకుండా ఉడికించిన చికెన్ నీళ్లలో వేలు ముంచి నాకించండి, ఆ వేలినే పెదవి కిందికి జరిపి పళ్ల మీద ఒకసారి తిప్పి తీసేయండి. వెంటనే మెచ్చుకోండి. తర్వాత వేలికి మెత్తని తడిగుడ్డ చుట్టండి. అదీ అలవాటయ్యాక పసిపిల్లల మెత్తటి బ్రష్షు. తోమాల్సింది పళ్ల బయటి వైపే, లోపలి వైపును చాలామటుకు నాలుకే చూసుకుంటుంది. బ్రష్షును ఏటవాలుగా చిగురు అంచుకు ఆనించి చిన్న చిన్న చుట్లు తిప్పండి. మొదట్లో నాలుగు పళ్లు తోమనిచ్చినా చాలు. విసుక్కోకుండా ఆపేయండి, కుక్క పెనుగులాడకముందే ఆపేయండి. రేపు మళ్లీ ఒప్పుకోవాలంటే ఇవాళ మంచిగా ముగియాలి.

మన టూత్‌పేస్టు పనికిరాదు. కుక్క ఉమ్మదు, మింగుతుంది. అందులోని ఫ్లోరైడ్, నురుగు పుట్టించే రసాయనాలు కడుపుకు మంచివి కావు. కొన్ని పేస్టుల్లో, చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్క రక్తంలో చక్కెరను అమాంతం పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చిన్న కుక్కకు చిటికెడు కూడా ఎక్కువే. కుక్కల పేస్టు పెట్ షాపుల్లో దొరుకుతుంది, లేదంటే ఎల్లారెడ్డిలో ఇంటి దాకా కొరియర్‌లో వస్తుంది. అదీ కొనలేకపోతే ఉత్త నీళ్లలో తడిపిన బ్రష్షు చాలు. పాచిని వదిలించేది ప్రధానంగా రాపిడే. ఉప్పు, బొగ్గుపొడి, నిమ్మరసం, లవంగ నూనె, వేపపుల్ల వద్దు.

రోజూ తోమాలా, వారానికోసారి చాలదా అని అడుగుతారు. గార రెండు మూడు రోజుల్లోనే పట్టడం మొదలవుతుందని పైన చెప్పాను కదా, వారానికోసారి తోమితే గారను తోమడమే అవుతుంది. గార బ్రష్షుకు లొంగదు. ఈ పనిని ఇంట్లో ఒకరి పేరున పెట్టండి. అందరిదీ అనుకున్న పని ఎవరూ చేయరు. పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంట్లో, పెద్దవాళ్లు పక్కన ఉండగా వాళ్లకు అప్పగించండి. ఒక ప్రాణి నమ్మకాన్ని రోజుకింత చొప్పున సంపాదించడం ఆ వయసులో నేర్చుకోవాల్సిన విద్య అని నా నమ్మకం.

ఆదివారం మటన్ బొక్కల గురించి. బొక్క కొరికితే పళ్లు శుభ్రమవుతాయని మన దగ్గర గట్టి నమ్మకం. ఉడికిన కోడిబొక్క చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. గట్టి మటన్ బొక్క మీద చిన్న కుక్క వెనక పన్ను నిలువునా పగులుతుంది, పగిలిన చోటి నుంచి వేరు దాకా చీము చేరుతుంది. నమలడానికి ఏదైనా ఇవ్వాలనుకుంటే మీ బొటనవేలి గోటితో నొక్కి చూడండి. గోరు దిగకపోతే అది పంటికి మించిన గట్టిదన్నమాట. గ్లూకోజు బిస్కెట్లు కూడా తగ్గించండి. మూడు కిలోల ఒంటికి రెండు బిస్కెట్లు తక్కువేమీ కాదు.

నొప్పికి మాత్రం ఇంట్లో ఉన్న గోలీ వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి చిన్న కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను పాడుచేస్తాయి. అరవై కిలోల మనిషికి తయారైన గోలీ అది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పలుగా చచ్చిపోయాకే, 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. గార పట్టిన పళ్లను శుభ్రం చేయాలంటే కుక్కకు పూర్తి మత్తు ఇవ్వాలి. "అంత చిన్న ప్రాణికి మత్తిస్తే మళ్లీ లేస్తదా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. ఆ ప్రశ్న సరైనదే, దాన్ని కొట్టిపారేయను. చిన్న కుక్క మత్తులో తొందరగా చల్లబడుతుంది, దాని రక్తంలో చక్కెర తొందరగా పడిపోతుంది. అందుకే మీరు డాక్టరును నిలదీసి అడగాలి, అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు. ముందు రక్తపరీక్ష చేస్తారా, గుండె చప్పుడు విన్నారా? శుభ్రం చేసే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొంతులో గొట్టం వేస్తారా? ఒళ్లు వెచ్చగా ఉంచడానికి ఏర్పాటుందా? పని జరుగుతున్నంతసేపూ గుండె, ఊపిరి చూసే మనిషి వేరే ఉంటారా? పళ్లకు ఎక్స్‌రే తీస్తారా? పంటిలో సగానికి పైగా చిగురు కిందే ఉంటుంది, ఎక్స్‌రే లేకుండా అక్కడి సంగతి తెలియదు. ఎంతసేపు పస్తు పెట్టాలో కూడా వాళ్లనే అడగండి, మీ అంతట మీరు రాత్రంతా మాడ్చకండి.

మత్తు లేకుండానే గార గీకేస్తామనే వాళ్లుంటారు. పన్ను తెల్లగా కనిపిస్తుంది, మీకు తృప్తిగా ఉంటుంది, చిగురు కింద జబ్బు అలాగే నడుస్తుంది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం దంత మార్గదర్శకాలు ఈ పద్ధతి తగదని తేల్చిచెప్పాయి. ఆ డబ్బు దాచుకొని సరైన వైద్యానికి పెట్టండి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పశువుల దవాఖానల్లో డాక్టర్ల ముందుండే పని ప్రధానంగా బర్లు, ఎడ్లు, గొర్లు, మేకలది. ఈ నేల వ్యవసాయం మీద బతుకుతోంది, అది అలాగే ఉండాలి కూడా. అయినా మీ కుక్క నోరు మొదట చూపించాల్సింది అక్కడే. చిగురు ఏ దశలో ఉందో డాక్టరు చూసి చెబుతారు. పంటి ఎక్స్‌రే, పళ్లు తీయడం లాంటి పెద్ద పనికి హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. రాజేంద్రనగర్‌లో పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది, దానికి అనుబంధంగా దవాఖాన ఉంది. నగరంలో ప్రైవేటు క్లినిక్కులూ ఉన్నాయి. కామారెడ్డి వాళ్లకు నూరు కిలోమీటర్లకు పైన ప్రయాణం, ఎల్లారెడ్డి వాళ్లకు ఇంకా ఎక్కువ. కాబట్టి ముందే ఫోన్ చేసి, పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడిగి, తేదీ తీసుకొని వెళ్లండి. పాడైన పళ్లు తీసేయాలన్నా బెంగపడకండి. పళ్లు లేని కుక్క మెత్తటి అన్నం హాయిగా తింటుంది. నొప్పి పోయాక మునుపటి కంటే హుషారుగా తిరుగుతుంది కూడా.

చిగుళ్ల జబ్బు గుండెకు ఎక్కుతుందా? చిగుళ్లు పాడైన కుక్క నమిలినప్పుడల్లా సూక్ష్మజీవులు రక్తంలోకి వెళతాయి. నోరు బాగా పాడైన కుక్కల గుండె, కాలేయం, కిడ్నీల్లో మార్పులు ఎక్కువగా కనిపించాయని పరిశోధనలున్నాయి. ఒకదానివల్లే రెండోది వచ్చిందని రుజువు కాలేదు కాబట్టి ఆ పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టను. అయితే చిన్న జాతులకు వయసు మీద పడ్డాక గుండె కవాటం జబ్బు మామూలుగానే ఎక్కువ, అది పళ్ల సంగతితో నిమిత్తం లేకుండా వస్తుంది. అందుకని ఏడేళ్లు దాటిన కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి. ముప్పై దాటడం రెండు మూడు రోజులు వరుసగా కనిపిస్తే చూపించండి. పామేరియన్ దగ్గితే గొంతు గొట్టం మెత్తబడిందేమో చూడమని డాక్టరుకు గుర్తుచేయండి. మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే పట్టీ వాడండి. బరువు నెలకోసారి చూడండి. కుక్కను ఎత్తుకొని తూకం ఎక్కి, ఆ తర్వాత మీ ఒక్కరి బరువు తీసేస్తే సరిపోతుంది.

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లకు చివరగా ఒక మాట. పాలపళ్లు 28. నాలుగో నెల నుంచి ఏడో నెల లోపు అవి ఊడి శాశ్వత దంతాలు రావాలి. చిన్న జాతుల్లో పాల కోరపన్ను ఊడకుండా నిలిచిపోయి, దాని పక్కనే కొత్త కోరపన్ను మొలవడం తరచూ జరుగుతుంది. ఒకే చోట రెండు కోరలు కనిపిస్తే పాలపన్నును తీయించాలి, ఆలస్యమైతే కొత్తది వంకరగా స్థిరపడి అంగిట్లో గుచ్చుకోవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఆలోచన ఉంటే, అదే మత్తులో ఈ పన్ను కూడా తీసేయగలరేమో డాక్టరును అడగండి. మీ ఇంట్లో ఆరు నెలలు నిండిన కుక్కపిల్ల ఉంటే ఈ వారంలోనే తీసుకెళ్లి దాని కోరపళ్లు చూపించండి.